మాంద్యంలో సర్కారు చేయి: ఊతమా, అడ్డా?

(పాఠశాల స్వర్ణోత్సవ సభలో పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "నువ్వు ఇంజనీరువి కదా, పిల్లలకు కెరీర్ గురించి నాలుగు మాటలు చెప్పు" అన్నారు. నా కెరీర్ చూసి పిల్లలు నేర్చుకునేదేమీ లేదండీ, వేరే విషయం మాట్లాడతానన్నాను. ఏంటని అడిగారు. మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఐదేళ్లుగా తెగని గొడవ ఒకటుంది, దాన్ని సభలో పెడతానన్నాను. ఆయన భయపడ్డారు. రాజకీయాలు మాట్లాడనని మాటిచ్చాకే ఒప్పుకున్నారు.

గొడవ 2020 లాక్‌డౌన్‌లో మొదలైంది. మా వాళ్లలో ఒకడు బ్యాంకులో పెద్ద హోదాలో ఉన్నాడు, ఒకడు సినిమాల్లో ప్రొడక్షన్ మేనేజరు. నాకు బాలానగర్‌లో చిన్న యూనిట్ ఉంది. ఎలక్ట్రికల్ ప్యానెల్ బోర్డులు చేస్తాం. ఒకరోజు బ్యాంకు వాడు రాశాడు: "ప్రభుత్వం ఎంత తక్కువ వేలు పెడితే అంత త్వరగా కోలుకుంటాం. డబ్బు పంచడం అలవాటు చేస్తే ఎవడూ పనిలోకి రాడు." ప్రొడక్షన్ మేనేజరు వెంటనే, "ఒరేయ్, నువ్వు కృష్ణానగర్ రా, ఇక్కడ నిలబడి ఆ మాట అను" అన్నాడు. అక్కణ్ణుంచి మూడు రోజులు ఫోను మోగుతూనే ఉంది. ఇద్దరూ నా స్నేహితులే. ఇద్దరూ ఇప్పుడు ఈ హాల్లోనే ఉన్నారు, కాస్త దూరం దూరంగా కూర్చున్నారు.

నిజానికి ఈ ప్రశ్న నాకు అంతకన్నా పాతది. మా సోషల్ మాస్టారు ముందు వరసలో ఉన్నారు. పదో తరగతి అర్ధ సంవత్సర పరీక్షలో ఆయనొక ప్రశ్న ఇచ్చారు: "కరువొచ్చినప్పుడు రాజు శిస్తు తగ్గించాలా, చెరువు తవ్వించాలా? కారణాలు తెలుపుము." నేను "రెండూ చేయాలి" అని ఒక్క ముక్క రాసి వచ్చాను. ఐదుకి రెండు వేశారు. కారణాలు రాయలేదుగా అన్నారు. కారణాలు వెతకడానికి నాకు నలభై ఏళ్లు పట్టింది మాస్టారూ.

మొదట మా ఇంటి సంగతి చెబుతాను. మా నాన్నగారి ఊరు గుడివాడ దగ్గర పల్లె. మా తాతయ్య యువకుడిగా ఉన్న రోజుల్లోనే 1929 నాటి ప్రపంచ మాంద్యం వచ్చింది. న్యూయార్కులో షేర్లు పడితే గుడివాడ రైతుకేమిటని మీరనవచ్చు. 1933 నాటికి ధాన్యం ధర సగానికి సగం పడిపోయింది. అప్పు సగం కాలేదు, వడ్డీ సగం కాలేదు, శిస్తు సగం కాలేదు. సరిగ్గా ఆ కాలంలోనే మద్రాసు ప్రభుత్వం కృష్ణా, గోదావరి జిల్లాల్లో రీసెటిల్‌మెంట్ పేరుతో శిస్తును రూపాయికి మూడణాల చొప్పున పెంచాలని కూర్చుంది. ధర పడిపోతున్న ఏళ్లలో పన్ను పెంపు! రైతు సంఘాలు గట్టిగా ఎదిరించాయి. నిడుబ్రోలు రంగాగారు రైతు నాయకుడిగా ఎదిగిన కాలమది. ఇది కూడా ప్రభుత్వ జోక్యమేనని గుర్తుంచుకోండి. జోక్యం అనగానే మనకు సాయమే గుర్తొస్తుంది. పడిపోతున్న వాడి భుజం మీద ఇంకో బస్తా వేయడం కూడా జోక్యమే.

ఆ ప్రభుత్వం అలా ఎందుకు చేసింది? దుర్మార్గం ఒక్కటే కారణం కాదు. ఆనాటి పాలకులకు ఒక నమ్మకముండేది: ఇంటి ఖర్చులాగే సర్కారు ఖర్చూ ఆదాయానికి లోబడి ఉండాలి, ఆదాయం తగ్గితే ఖర్చు తగ్గించాలి, లేదా పన్ను పెంచాలి. పైగా రూపాయిని ఒకటిన్నర షిల్లింగుకు కట్టేసి ఉంచారు. 1931లో బ్రిటన్ తన పౌండును బంగారం నుంచి విడదీసుకుంది గానీ, మన రూపాయిని ఆ పౌండుకే కట్టి ఉంచింది. మన పల్లెల్లో ఆడవాళ్ల ఒంటి మీది బంగారం అప్పుల కింద అమ్ముడై ఓడలెక్కి వెళ్లిపోయింది. మా నాయనమ్మ గాజులు కూడా ఆ రోజుల్లోనే వెళ్లాయని ఇంట్లో చెప్పుకునేవారు. మద్రాసు రాష్ట్రంలో రైతుల అప్పు దాదాపు రెండు వందల కోట్లని 1935లో సత్యనాథన్ నివేదిక లెక్కగట్టింది. ఆనాటి రెండు వందల కోట్లు!

1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చింది. మరుసటి ఏడాది మద్రాసు వ్యవసాయదారుల రుణ విముక్తి చట్టం చేశారు. సూక్ష్మంగా చెబుతాను. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పయితే, 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ అంతా రద్దు, అసలు మాత్రమే కట్టాలి. అసలుకు రెట్టింపు అప్పటికే కట్టేసి ఉంటే అప్పే రద్దు. తర్వాత చేసిన అప్పులకు వడ్డీ ఐదు శాతానికి కుదింపు. మా తాతయ్య 1928లో చేసిన ఆరు వందల అప్పు వడ్డీతో పెరిగి పెరిగి పొలం మింగేసేంత అయింది. ఈ చట్టంతో ఆరు వందల దగ్గర ఆగింది. ఆ రెండెకరాలు నిలిచాయి. ఆ రెండెకరాలు అమ్మే మా నాన్నగారు 1960ల్లో ఇంజనీరింగు చదివి హైదరాబాదు వచ్చారు. కాబట్టి నేను ఈ శ్రీనగర్ కాలనీలో పెరిగి, ఈ బడిలో చదవడం వెనక ఆ చట్టముంది. ఒక రకంగా నేను ప్రభుత్వ జోక్యం వల్ల కలిగిన ఫలితాన్నే.

ఇక్కడితో ఆపితే ప్రొడక్షన్ మేనేజరు చప్పట్లు కొడతాడు. ఆగరా, ఇంకో సగముంది. మా అమ్మగారి తాతయ్య పక్క ఊళ్లో వడ్డీ వ్యాపారం చేసేవారు. పెద్ద షావుకారేం కాదు. పది పన్నెండు మంది రైతులకు విత్తనాలకు, పెళ్లిళ్లకు ఇచ్చేవారు. ఆ చట్టంతో ఆయన పద్దులు సగం ఎగిరిపోయాయి. అందులో ఒక విధవరాలు ఆయన దగ్గర దాచుకున్న డబ్బు కూడా ఉంది. ఆయన పెట్టె మూసేశారు. మరుసటి తొలకరికి మా తాతయ్య విత్తనాల డబ్బు కోసం ఊళ్లు తిరిగితే ఎవరూ ఇవ్వలేదు. చివరికి ఒకాయన ఇచ్చారు గానీ ప్రోనోటు మీద కాదు, అరెకరానికి అమ్మకం కాగితం రాయించుకున్నారు. డబ్బు తిరిగిస్తే పొలం తిరిగి రాసిస్తానని నోటిమాట. ఆ అరెకరం తిరిగి రాలేదు.

పాత అప్పును ఆపడం ఒక్క సంతకంతో అయ్యే పని. కొత్త అప్పు పుట్టే దారి వేయడానికి ఏళ్లు పడుతుంది. మద్రాసులో సెంట్రల్ ల్యాండ్ మార్ట్‌గేజ్ బ్యాంకు 1929లోనే పెట్టారు, మంచి సంస్థ. కానీ అది పొలం తాకట్టు మీద దీర్ఘకాలిక అప్పులిచ్చేది. జూన్‌లో విత్తనాలకు యాభై రూపాయలిచ్చే బ్యాంకు కాదది. ఊళ్లో షావుకారు తప్పుకున్న ఖాళీని పూడ్చడానికి అప్పట్లో ఎవరూ రాలేదు. రెండు కుటుంబాల పెద్దలూ ఈ కథను వేరువేరుగా చెప్పేవారు. నాన్నగారి వైపు ఆ చట్టం దేవుడి వరం, అమ్మగారి వైపు అది పట్టపగటి దోపిడీ. మా అమ్మానాన్నల పెళ్లి ఎలా కుదిరిందో నాకిప్పటికీ అంతుపట్టదు.

అదే కాలంలో ఇటు హైదరాబాదు రాజ్యం సంగతి చూడండి. ఇంజనీరుగా నాకు ఇదంటే ఇష్టం కాబట్టి కాసేపు ఓపిక పట్టండి. అలీ నవాజ్ జంగ్ కట్టించిన నిజాంసాగర్ 1931లో పూర్తయింది. దాని నీళ్ల కింద చెరకు పెరిగింది, 1937లో బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ భవనానికి 1934లో పునాది వేసి 1939లో తెరిచారు. ప్రపంచమంతా మూలుగుతున్న ఏళ్లలోనే ఆ రాయి చెక్కారు. మాంద్యం పోగొట్టాలని నిజాం ఇవన్నీ కట్టించాడని నేననను. నిజాంసాగర్ పని 1923లోనే మొదలైంది, అప్పుడు మాంద్యం జాడే లేదు. పైగా జమీందార్ల కింద, జాగీర్దార్ల కింద రైతు బతుకు ఎలా ఉండేదో మనకు తెలుసు. నేను చెప్పదలచిందల్లా, చెడ్డ కాలం వచ్చినప్పుడు సిద్ధంగా ఉన్న ప్లాను, సగం అయిన పని ఉన్న రాజ్యానికి పని ఆపకుండా ఉండడమే పెద్ద సాయమవుతుంది. కాలం చెడ్డాక ప్లాను గీయడం మొదలుపెడితే, పనిచ్చే నాటికి మాంద్యం వెళ్లిపోయి ఉంటుంది.

దీనికి నా సొంత అనుభవముంది. 2008లో అమెరికాలో బ్యాంకులు కూలాయి. 2009 జనవరి 7న మన హైదరాబాదులో సత్యం కూలింది. ఇక్కడున్న వాళ్లలో ఎంతమంది ఇళ్లలో ఆ రోజు టీవీ ముందు కూర్చున్నారో నాకు తెలుసు. దాదాపు యాభై మూడు వేల ఉద్యోగాలు. అప్పుడు కేంద్రం ఏం చేసింది? రెండు రోజుల్లో పాత బోర్డును తీసేసింది. కిరణ్ కార్నిక్, దీపక్ పరేఖ్, అచ్యుతన్‌లను కూర్చోబెట్టింది. ఖజానా నుంచి డబ్బు పోయలేదు. ఏప్రిల్ 13కల్లా వేలం వేసి టెక్ మహీంద్రాకు అప్పగించింది. మూడు నెలలు! మా బ్యాంకు మిత్రుడు కూడా ఈ జోక్యాన్ని తప్పుపట్టడు. మునిగిపోతున్న పడవ చుక్కాని పట్టుకుని ఒడ్డుకు చేర్చి, దిగి వెళ్లిపోయారు. అదేదో ప్రభుత్వ సంస్థగా మార్చుకుని కూర్చోలేదు.

అదే ఏడాది మెట్రో కథ చూడండి. 2008లో ఒక కన్సార్టియం టెండరు గెలిచింది. సత్యం దెబ్బకు ఆ కంపెనీ కూడా కుదేలై, 2009 జూలైలో ప్రభుత్వం ఆ ఒప్పందాన్ని రద్దు చేసింది. 2010లో ఎల్ అండ్ టీ వచ్చింది. తొలి మెట్రో రైలు నడిచింది 2017 నవంబరులో. మన యూసఫ్‌గూడ స్టేషన్ 2019 మార్చిలో గానీ తెరవలేదు. 2009లో నేను పనిచేస్తున్న కంపెనీ మూడో వంతు మందిని ఇంటికి పంపింది. వాళ్లలో నేనూ ఒకణ్ణి. నలభై ఏళ్లు నిండకుండా, ఇద్దరు చిన్న పిల్లలతో ఇంట్లో కూర్చున్నాను. మెట్రో నాకు ఉద్యోగమిస్తుందని ఒక ఏడాది ఎదురుచూశాను. మెట్రో మంచిదే, ఈరోజు నేను అందులోనే వచ్చాను. కానీ 2009లో ఆకలేసినవాడికి 2017లో వడ్డించారు. 2008 డిసెంబరులో కేంద్రం ఎక్సైజు సుంకం నాలుగు శాతం తగ్గించింది చూడండి, అది వారాల్లో మార్కెట్‌కు చేరింది. ఉపాధి హామీ పథకం 2006లోనే అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలై ఉంది కాబట్టి, 2009లో దానికి డబ్బు పెంచడమొక్కటే పని. గొయ్యి తవ్వే మనిషి, జాబ్ కార్డు, మస్టరు అన్నీ అప్పటికే ఉన్నాయి.

మీలో నా వయసు వాళ్లకు స్టెబిలైజరు గుర్తుండాలి. ఎనభైల్లో ఈ కాలనీలో ప్రతి ఇంట్లో టీవీ పక్కన ఒకటుండేది. సాయంత్రం వోల్టేజీ పడగానే లోపల రిలే టక్‌మని కొట్టుకుని పెంచేది. బాగా చేసిన స్టెబిలైజరు టీవీని కాపాడేది. నాసిరకందయితే వోల్టేజీ తిరిగి లేచాక కూడా కాసేపు అలాగే పెంచుతూ ఉండేది. సరిగ్గా అప్పుడే మా టీవీ కాలింది, 1986 వరల్డ్ కప్ ఫుట్‌బాల్ ఫైనల్ రాత్రి. కాలింది తక్కువ వోల్టేజీకి కాదు, దించడం ఆలస్యమైనందుకు. 2008 తర్వాత మన దేశంలో జరిగింది కొంత అదే. కేంద్రం ద్రవ్యలోటు 2007-08లో జీడీపీలో రెండున్నర శాతముండేది, 2009-10కల్లా ఆరున్నర అయింది. కిందపడిన ఆర్థిక వ్యవస్థ లేచింది, సందేహం లేదు. లేచాక రిలే వెనక్కి కొట్టుకోలేదు. తర్వాత మూడు నాలుగేళ్లు ధరలు ఏటా పది శాతం దగ్గర పెరుగుతూ పోయాయి. జీతం పెరగని వాడు ఆ స్టిమ్యులస్‌కు రెండోసారి డబ్బు కట్టాడు.

దీనికి తలకిందులుగా జరిగింది అమెరికాలో. 1933లో రూజ్‌వెల్ట్ వచ్చేసరికి పనిచేయగలిగిన నలుగురిలో ఒకరికి పని లేదు. రోడ్లు, డ్యాములు, బళ్లు కట్టించి చాలామందికి పనిచ్చాడు. 1937లో ఇక చాలనుకుని ఖర్చు తగ్గించి, పన్నులు పెంచాడు. మళ్లీ పడింది. ముందే దించినా టీవీ ఆరిపోతుందన్నమాట. అలాగని రూజ్‌వెల్ట్ చేసినవన్నీ పనిచేశాయని కాదు. ధరలు పడిపోకుండా కంపెనీలు కలిసికట్టుగా ధర నిర్ణయించుకోనిచ్చిన చట్టమొకటి తెచ్చాడు. 1935లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అది కోలుకోవడాన్ని వెనక్కి లాగిందని ఇప్పటికీ గట్టిగా వాదించే ఆర్థికవేత్తలున్నారు. నాకు వాళ్ల వాదన సబబుగానే కనిపిస్తుంది. ఎందుకంటే ధరను జీవో మీద నిలబెడితే ఏమవుతుందో మన ఫిల్మ్‌నగర్ ఈమధ్యే చూసింది.

ఇప్పుడు మన వీధుల్లోకి వద్దాం. 2020 మార్చి. షూటింగులు నెల మధ్యలోనే ఆగాయి. 22న జనతా కర్ఫ్యూ, ఆ వెంటనే లాక్‌డౌన్. మా ఇంటి నుంచి కృష్ణానగర్ పదిహేను నిమిషాల నడక. తెల్లారి ఐదింటికే లైట్‌మెన్, జూనియర్ ఆర్టిస్టులు, డ్రైవర్లు, ప్రొడక్షన్ బాయ్స్ బస్సుల కోసం గుంపులుగా నిలబడే చోట ఒక్క మనిషి లేడు. రోజు బత్తా మీద బతికే మనుషులు. తెలంగాణ ప్రభుత్వం తెల్ల కార్డుండే ఇంటికి మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు ఇచ్చింది. వలస కూలీలకు 12 కిలోల బియ్యం, 500 రూపాయలు. కేంద్రం ఇంకో ఐదు కిలోలు చొప్పున నెలనెలా ఇచ్చింది. సినిమా వాళ్లు చిరంజీవి గారి చొరవతో కరోనా క్రైసిస్ ఛారిటీ పెట్టి కార్మికుల ఇళ్లకు సరుకులు పంపారు. మా ప్రొడక్షన్ మేనేజరు ఆ సంచులు మోసినవాళ్లలో ఒకడు. వాడు చెప్పిన ఒక మాట నాకు బాగా పట్టింది: "యూనియన్ కార్డున్నోడికి ఒక్క రోజులో సంచి చేరింది. కార్డు లేనోడు ఎవడో, ఎక్కడున్నాడో మాకు తెలియదురా." సర్కారైనా, ఛారిటీ అయినా చేయి చాచడానికి ముందు జాబితా ఉండాలి. నెలకింద ఊరి నుంచి వచ్చి, ఇంకా కార్డు తీసుకోని కుర్రాడు ఏ జాబితాలోనూ లేడు.

బియ్యమిస్తే పనిలోకి రారన్న మాటకు వస్తాను. జూన్‌లో షూటింగులకు అనుమతివ్వగానే, సెట్టు మీద మనుషుల సంఖ్యకు పరిమితులుండగా, కరోనా భయం తలమీదుండగా, కృష్ణానగర్ మళ్లీ తెల్లవారుజామున నిండింది. పన్నెండు కిలోల బియ్యం తిని ఇంట్లో కూర్చున్నవాణ్ణి నేను చూడలేదు. దేశవ్యాప్తంగా ఆ ఏడాది ఉపాధి హామీ కింద 389 కోట్ల పనిదినాలు నడిచాయి, అంతకుముందెన్నడూ లేనంత. ఎండలో మట్టి తవ్వడానికి జనం వరసకట్టారు. కాబట్టి ఈ ముక్కలో మా బ్యాంకు వాడిది తప్పు. వాడికి ముఖం మీదే చెప్పాను, ఇప్పుడు మైకులోనూ చెబుతున్నాను.

కానీ వాడన్న ఇంకో మాటుంది: "ప్రభుత్వమంటే ఒకటనుకుంటున్నారు మీరు. రాష్ట్రం దగ్గర నోట్లు అచ్చువేసే మిషను లేదు." ఇది నూటికి నూరుపాళ్లు నిజం. ఏప్రిల్ నాటికి రాష్ట్రాల ఆదాయం ఎండిపోయింది. మార్చి 30న తెలంగాణ ప్రభుత్వం తన ఉద్యోగుల జీతాల్లో సగం, ఐఏఎస్‌ల వాటికి 60 శాతం, ప్రజాప్రతినిధుల వాటికి 75 శాతం, నాలుగో తరగతి సిబ్బందికి 10 శాతం కోత పెట్టింది. పెన్షన్లలోనూ సగం కోశారు. ఇక్కడున్న మా టీచర్లలో కొందరి ఇళ్లలో ఆ పెన్షన్ మీదే మందులు కొనేవారు. తర్వాత బకాయిలిచ్చారు, నిజమే. కానీ జనమంతా ఖర్చు ఆపేసిన నెలల్లోనే ప్రభుత్వం కూడా ఖర్చు ఆపేసింది. 1930లో మద్రాసు ప్రభుత్వం చేసిన తప్పే తొంభై ఏళ్ల తర్వాత మళ్లీ జరిగింది. ఇందులో రాష్ట్రాన్ని నిందించి లాభం లేదు. అప్పుకు హద్దు రాష్ట్ర ఉత్పత్తిలో మూడు శాతం. దాన్ని ఐదుకు పెంచుతున్నామని కేంద్రం చెప్పింది మే 17న, అదీ చాలా షరతులతో. అచ్చువేయగలిగినవాడు చొరవ చూపాల్సిన సమయంలో, అచ్చువేయలేనివాడి మీద భారం వదిలారు. ఆ మూడు నెలల్లో దేశ ఉత్పత్తి దాదాపు నాలుగో వంతు పడిపోయింది.

నా యూనిట్ సంగతి. పద్నాలుగు మంది పనివాళ్లు. థియేటర్లకు, షూటింగు జనరేటర్లకు ప్యానెళ్లు, ఒక ప్రభుత్వ సంస్థకు స్ట్రీట్‌లైట్ కంట్రోల్ బాక్సులు. రెండు నెలలు షట్టరు దించాం. కేంద్రం మే నెలలో చిన్న పరిశ్రమలకు మూడు లక్షల కోట్ల గ్యారంటీ రుణ పథకం ప్రకటించింది. ఫిబ్రవరి 29 నాటికి మన బ్యాంకు అప్పు ఎంతుంటే అందులో 20 శాతం, కొత్త తాకట్టు లేకుండా, ఏడాది పాటు అసలు కట్టక్కర్లేకుండా. నాకు 38 లక్షల అప్పుంది, 7 లక్షల 60 వేలు వచ్చాయి. ఒక సంతకం, పది రోజులు. ముప్పై ఏళ్లలో బ్యాంకు నన్నంత మర్యాదగా చూడలేదు. ఆ డబ్బుతో తొమ్మిది మంది జీతాలు నిలబెట్టాను. మిగతా ఐదుగురు అప్పటికే బీహార్ వెళ్లిపోయారు, వాళ్లలో ఇద్దరు తిరిగి రాలేదు. ఆ రుణం లేకపోతే యూనిట్ లేదు. దండం పెడతాను.

కానీ అదే సమయంలో ఆ ప్రభుత్వ సంస్థ నాకు 11 లక్షల పాత బిల్లు బాకీ ఉంది. సరుకు అందిందని సంతకముంది, ఇన్‌స్పెక్షన్ అయింది, ఫైలు కదల్లేదు. చిన్న పరిశ్రమలకు 45 రోజుల్లో చెల్లించాలని 2006 చట్టం చెబుతోంది. లేకపోతే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. ఫిర్యాదుకు ఒక కౌన్సిల్ కూడా ఉంది. నేను ఫిర్యాదు చేయలేదు. చేస్తే వచ్చే టెండరులో నా పేరుంటుందా? ఆ బిల్లు పందొమ్మిది నెలలకు వచ్చింది, వడ్డీ లేకుండా. అంటే లెక్క చూడండి. ఒక సర్కారు నాకివ్వాల్సిన 11 లక్షలు ఇవ్వలేదు కాబట్టి, ఇంకో సర్కారు గ్యారంటీతో ఏడున్నర లక్షలు అప్పు తీసుకుని, దానికి తొమ్మిది శాతం పైచిలుకు వడ్డీ కట్టాను. నా డబ్బుకే నేను వడ్డీ కట్టినట్టయింది. స్టిమ్యులస్ గురించి పేపర్లలో ఎన్నో వ్యాసాలు చదివాను. చేసిన పనికి బిల్లు చెల్లించడం కూడా స్టిమ్యులసేనని రాసినవాళ్లు అరుదు. కొత్త పథకం, కొత్త పేరు, కొత్త పోర్టల్ ఏవీ అక్కర్లేదు. బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి షెడ్లలో ఉన్నవాళ్ల పాత బిల్లులన్నీ ఒక్క ఏప్రిల్‌లో చెల్లించి ఉంటే చాలు.

సినిమా టికెట్ల కథ చెప్పి ముగిస్తాను, లేకపోతే ఈ ప్రాంతపు మనిషినని ఎవరూ నమ్మరు. తెలంగాణలో థియేటర్లు 2020 డిసెంబరులో తెరుచుకున్నాయి. మూసి ఉన్న కాలానికి కనీస కరెంటు డిమాండు చార్జీలు రద్దు చేస్తామని, చిన్న బడ్జెట్ సినిమాలకు రాష్ట్ర జీఎస్టీ తిరిగిస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఇది నాకు నచ్చిన రకం సాయం. నడవని మోటారుకు బిల్లు వేయకపోవడం. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఏప్రిల్‌లో ఇంకో రకం జోక్యం వచ్చింది. టికెట్ ధరలకు జీవో. పంచాయతీల్లోని ఏసీ లేని థియేటర్లో కింది తరగతి ఐదు రూపాయలు, పై తరగతి పదిహేను. పేదవాడికి సినిమా అందాలన్న ఉద్దేశం మంచిదే, పెద్ద సినిమాలకు అడ్డగోలు రేట్లు పెట్టిన చరిత్ర మన పరిశ్రమకూ ఉంది. కానీ ఏడాది మూతపడి, అప్పుల్లో ఉన్న పల్లెటూరి థియేటరుకు ఐదు రూపాయల టికెట్ కరెంటు బిల్లుకు కూడా చాలదు. డిసెంబరుకల్లా కొన్నిచోట్ల యజమానులే తాళాలు వేసుకున్నారు. 2022 మార్చిలో కొత్త జీవో ఇచ్చి 20 నుంచి 250 దాకా సవరించారు. ఆ పదకొండు నెలల్లో నాకు గోదావరి జిల్లాల నుంచి రావాల్సిన నాలుగు ప్యానెల్ ఆర్డర్లు పోయాయి. ఒక థియేటరు కల్యాణ మండపమైంది. అక్కడ బుకింగులో కూర్చునే మనిషి ఇప్పుడేం చేస్తున్నాడో నాకు తెలియదు.

మొన్న ఈ ప్రసంగం రాసుకుంటూ మా ఇద్దరు మిత్రులనూ ఇంటికి పిలిచాను. 1938 చట్టంలో మా రెండు వైపుల తాతల కథా చెప్పాను. బ్యాంకు వాడు, "మీ అమ్మగారి తాతయ్యకు సర్కారు బాండ్లిచ్చి ఉండాల్సిందిరా, అప్పుడాయన పెట్టె మూసేవాడు కాదు" అన్నాడు. ప్రొడక్షన్ మేనేజరు కాసేపు ఆలోచించి, "ఆ విత్తనాల డబ్బెవడిస్తాడో ముందు చూసుకుని, తర్వాత వడ్డీ రద్దు చేయాలి" అన్నాడు. ఇద్దరూ ఒకేమాట అన్నారని వాళ్లకింకా తెలియలేదనుకుంటాను. తెలిస్తే గ్రూపు మూగబోతుంది.

మాస్టారూ, శిస్తు తగ్గించడమూ కావాలి, చెరువు తవ్వించడమూ కావాలి. శిస్తు తగ్గింపు ఈ పంటకే అందాలి. చెరువు ప్లాను కరువు రాకముందే గీసి ఉండాలి. తవ్విన వాళ్లకు కూలి శనివారం సాయంత్రానికల్లా ఇవ్వాలి. ఇప్పుడు ఇంకో మార్కు వేస్తారో లేదో మీ ఇష్టం.

బయట భోజనాలు సిద్ధమయ్యాయని కార్యదర్శి గారు సైగ చేస్తున్నారు.